ఈజిప్టు ప్లాన్ వేసే ముందు చేతిలో ఎన్ని ఉదయాలు ఉన్నాయో లెక్క చూసుకోండి

మీరు అడిగింది టూకీగా ఇదీ. జనవరిలో సంక్రాంతి సెలవులు కలుపుకొని తొమ్మిది రోజులు ఈజిప్టు వెళ్దామనుకుంటున్నారు. మీరిద్దరూ, తొమ్మిదో తరగతి అబ్బాయి, మీ అమ్మగారు, నాన్నగారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారు పూర్తి శాకాహారి. ఏజెంటు కైరో, అలెగ్జాండ్రియా, లక్సర్, అస్వాన్, హుర్ఘాదా అన్నీ కలిపి ఎనిమిది రాత్రుల ప్యాకేజీ ఇచ్చాడు. అది తీసుకోవాలా, సొంతంగా ప్లాన్ చేసుకోవాలా అని మీ సందేహం.

ఆ ప్యాకేజీ తీసుకోకండి. ఏజెంటే వద్దని కాదు. టికెట్లు, హోటళ్లు ఆయన చేతే చేయించుకోండి, కానీ రూటు మాత్రం మీరు చెప్పినట్టు ఉండాలి.

నేను కువైట్‌లో పదకొండేళ్లు పనిచేశాను. మా ఆఫీసులో సగం మంది ఈజిప్టు వాళ్లే. వాళ్ల మాటలు విని విని నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి మీకు ఇచ్చినలాంటి ప్యాకేజీలోనే వెళ్లాను. లక్సర్‌లో రాజుల లోయ దగ్గర బస్సు ఆపి యాభై నిమిషాలు టైమిచ్చారు. మూడో సమాధి గుమ్మం దాకా వెళ్లి, లోపలికి తొంగి చూసి, పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. అక్కణ్ణుంచి నేరుగా ఒక పపైరస్ (రెల్లుతో చేసే పాతకాలపు కాగితం) దుకాణానికి తీసుకెళ్లి గంటన్నర కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు, డెమో చూపించారు, కొనేదాకా వదల్లేదు. మూడు వేల ఏళ్ల సమాధికి యాభై నిమిషాలు, కమీషన్ కొట్టుకి గంటన్నర. మీ ఏజెంటు ఇచ్చిన కాగితంలో "పపైరస్ ఇన్‌స్టిట్యూట్", "పెర్ఫ్యూమ్ ప్యాలెస్" లాంటి పేర్లు ఎన్నిసార్లు కనిపిస్తే అన్ని గంటలు పోయినట్టే.

ఆ తర్వాతి ట్రిప్పుల్లో నేను నేర్చుకున్నది ఒకటే. ఈజిప్టులో లెక్కపెట్టుకోవాల్సింది ఉదయాలు. చూడాల్సినవి చాలావరకు పొద్దున్నే తెరుస్తారు, లక్సర్‌లోని రాజుల లోయ, కర్నాక్ గుడి అయితే ఆరింటికే. సాయంత్రం నాలుగైదింటికల్లా మూసేస్తారు. తొమ్మిదిన్నర, పది అయ్యేసరికి సముద్ర తీరపు రిసార్టుల నుంచి వచ్చే పెద్ద బస్సులు, క్రూయిజ్ పడవల జనం ఒక్కసారిగా దిగుతారు. అప్పటిదాకా మీరు, గోడలు, అక్కడక్కడా ఒక కాపలా మనిషి. ఆ తర్వాత శ్రీవారి సర్వదర్శనం క్యూ. పైగా పెద్దవాళ్ల ఓపిక కూడా మధ్యాహ్నం భోజనం దాకే. కాబట్టి రోజుకి ఒక ఉదయం, ఒక పెద్ద చోటు. మధ్యాహ్నం విశ్రాంతి. సాయంత్రం తేలికగా ఏదైనా ఒకటి. విమాన ప్రయాణాలు తీసేస్తే మీ తొమ్మిది రోజుల్లో మిగిలేవి ఏడు ఉదయాలు. అలెగ్జాండ్రియా వెళ్లొస్తే ఒకటి పోతుంది, హుర్ఘాదా పెడితే రెండు పోతాయి. బీచ్ కోసమే అయితే ఈజిప్టు దాకా ఎందుకు, భీమిలి చాలదా?

రెండో మాట, దక్షిణం నుంచి మొదలుపెట్టండి. అందరూ కైరోలో దిగి, మర్నాడే పిరమిడ్లకు పరుగెత్తి, ఆ ట్రాఫిక్‌లో, హారన్లలో సగం నీరసపడి అప్పుడు కిందికి వెళ్తారు. మీరు కైరోలో దిగిన రోజే ఇంకో విమానం ఎక్కి సాయంత్రానికి అస్వాన్ చేరండి. హైదరాబాద్ నుంచి నేరుగా కైరోకి విమానం లేదు, దుబాయో దోహానో అబుదాబీనో ఎలాగూ మారాలి. ముంబై నుంచి, ఢిల్లీ నుంచి అయితే ఈజిప్ట్‌ఎయిర్ డైరెక్టు విమానాలు ఉన్నాయి. అస్వాన్ చిన్న ఊరు. నైలు అక్కడ చూసినంత అందంగా ఇంకెక్కడా ఉండదు. జెట్‌లాగ్ కూడా అక్కడే తీరిపోతుంది. కైరోని చివరికి ఉంచడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, లక్సర్ దగ్గర చెప్తాను.

అస్వాన్‌లో మొదటి ఉదయం ఫిలే. ఇది ఐసిస్ దేవత గుడి, ద్వీపం మీద ఉంటుంది, మోటారు పడవలో వెళ్లాలి. పడవ రేటు ఎక్కే ముందే ఖరారు చేసుకోండి. "వెళ్లి, అక్కడ గంటన్నర ఆగి, మళ్లీ వెనక్కి తీసుకురావాలి" అని ముక్క ముక్కా చెప్పండి, లేకపోతే తిరుగు ప్రయాణానికి వేరే రేటు పుట్టుకొస్తుంది. పడవలోంచి దిగేటప్పుడు అడుగు కొంచెం ఎత్తుగా ఉంటుంది, నాన్నగారి చెయ్యి పట్టుకోండి. అదే పూట అసంపూర్తి ఒబెలిస్క్ చూడొచ్చు. గ్రానైట్ క్వారీలో కొండ నుంచి సగం చెక్కాక పగులు రావడంతో వదిలేసిన రాతి స్తంభం అది. పొడవు 42 మీటర్లు, నేల మీద అలాగే పడుకొని ఉంది. నిలబెట్టిన స్తంభాలు ఎలా చేశారన్నది ఈ పడుకున్నదాన్ని చూస్తేనే అర్థమవుతుంది.

రెండో ఉదయం అబూ సింబెల్. ఈ ఒక్కదాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

అస్వాన్ నుంచి ఇది దాదాపు 280 కిలోమీటర్లు. ఎడారి రోడ్డు, మూడు నుంచి మూడున్నర గంటలు. అందరూ తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతారు. ఇంత దూరం ఒక్క గుడి కోసమా అని చాలామంది కొట్టేస్తారు. కొట్టేయకండి. ఫారో, అంటే ఈజిప్టు రాజు, రెండో రామ్సెస్ కొండని తొలిచి కట్టించిన గుడి, వాకిట్లో ఇరవై మీటర్ల ఎత్తున నాలుగు విగ్రహాలు, నాలుగూ ఆయనవే. మనకి అసలు సంగతి వేరే ఉంది. 1960లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పని మొదలైంది. దాని వెనక నిలిచే నీళ్లలో ఈ గుడి మునిగిపోతుంది. యునెస్కో పిలుపిస్తే దేశాలన్నీ డబ్బు వేసుకున్నాయి. 1964 నుంచి 1968 దాకా గుడిని వెయ్యికి పైగా ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్క ఇరవై, ముప్ఫై టన్నులు. 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ పేర్చారు. గుడి వెనక మీకు కనిపించే కొండ కూడా మనుషులు పోసిందే, దాని లోపల కాంక్రీటు డోమ్ ఉంది. దగ్గరగా వెళ్లి విగ్రహం పిక్క మీద చూడండి, అతుకు గీత సన్నగా కనిపిస్తుంది. మా అబ్బాయి అయితే లోపలి విషయాలు వదిలేసి అతుకులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర ఏం జరుగుతోందో గుర్తుందా? 1955లో నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకుల విజయపురి, స్తూపాలు, విహారాలు, ఆ లోయంతా మునగాలి. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు తవ్వగలిగినంత తవ్వి, ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ పైకి, అనుపుకి తరలించి మళ్లీ కట్టారు. అక్కడ నైలు, ఇక్కడ కృష్ణ, అంతే తేడా. శ్రీశైలం డ్యామ్ నీళ్ల కోసం కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టింది కూడా ఈ బాపతు పనే. మీ అబ్బాయిని ఈజిప్టు వెళ్లేముందు ఒక ఆదివారం నాగార్జునకొండకి లాంచీలో తీసుకెళ్లి తీసుకురండి. అబూ సింబెల్ దగ్గర మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, వాడే చెప్తాడు.

లోపల గర్భగుడిలో నాలుగు విగ్రహాలు కూర్చుని ఉంటాయి. ఏటా రెండుసార్లు, ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న, ఉదయపు సూర్యకిరణాలు గుడి పొడవునా ప్రయాణించి వాటి మీద పడతాయి. నాలుగో విగ్రహం ప్తా, చీకటి లోకంతో ముడిపడిన దేవుడంటారు, ఆయన మీద మాత్రం పడవు. అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాల మీద కిరణాలు పడటం చూసినవాళ్లకి ఇది చెప్పగానే వెలుగుతుంది. ఆ రెండు తేదీల్లో మాత్రం అక్కడికి వెళ్లాలని ప్లాన్ వేయకండి, కాలు పెట్టడానికి చోటుండదు. మీది జనవరి కాబట్టి ఆ బెడద లేదు. నాన్నగారికి ఇక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు, నడక ఉంది కానీ మెట్లు లేవు. ఏడు గంటల కారు ప్రయాణం కష్టమంటే అస్వాన్ నుంచి చిన్న విమానం కూడా ఉంటుంది.

ఆనకట్ట వల్ల ఊళ్లకి ఊళ్లే మునిగి నూబియన్లు చెల్లాచెదురయ్యారు. అస్వాన్‌లో నూబియా మ్యూజియం వాళ్ల కథే చెప్తుంది. మధ్యాహ్నం ఎండ తగ్గాక వెళ్లండి. పోలవరం, శ్రీశైలం ముంపు ఊళ్ల వాళ్లని ఎరిగినవాళ్లకి ఆ ఫోటోలు కొత్తగా అనిపించవు.

మూడో ఉదయం అస్వాన్ నుంచి కారులో లక్సర్‌కి బయల్దేరండి, రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. దారిలో కోమ్ ఓంబోలో మొసలి దేవుడు సోబెక్ గుడి, పక్కనే మమ్మీలుగా చేసిన మొసళ్ల మ్యూజియం. ఎడ్ఫూలో డేగ తల దేవుడు హోరస్ గుడి, పైకప్పుతో సహా నిలబడి ఉన్న గుడి కావాలంటే ఇదే. ఏజెంటు ఈ దారికి మూడు రాత్రుల క్రూయిజ్ చెప్తాడు. పెట్టె సర్దే పని లేకుండా పెద్దవాళ్లకి క్రూయిజ్ హాయే, కాదనను. కానీ అందరితో పాటు అదే టైముకి అన్ని గుళ్ల దగ్గరా దిగాలి, మీ ఉదయాలు పడవ వాడి చేతిలోకి పోతాయి. పదకొండు, పన్నెండు రోజులుంటే తీసుకోండి. తొమ్మిదికి వద్దు.

ఇప్పుడు లక్సర్. నాకే గనక చెప్పమంటే ఈజిప్టు అంటే లక్సరే. కనీసం మూడు రాత్రులు ఉండండి.

నైలు పశ్చిమ తీరంలో రాజుల లోయకి ఆరింటికి గేటు దగ్గర ఉండాలి. మామూలు టికెట్‌కి మూడు సమాధులు చూడొచ్చు. ఏ మూడు అన్నది మీ ఇష్టమే, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, గేటుకి దగ్గరగా ఉన్నవాటిలో దూరేస్తారు. నాన్నగారి కోసం 2వ నంబరు, అంటే నాలుగో రామ్సెస్‌ది, 6వ నంబరు, తొమ్మిదో రామ్సెస్‌ది ఎంచుకోండి. రెండూ వాలుగా దిగే దారులు, మెట్ల బాధ దాదాపు లేదు. అబ్బాయికి 34వ నంబరు చూపించండి, మూడో తుత్మోస్‌ది. నిలువు మెట్లెక్కి, మళ్లీ దిగి, లోపల గోడలంతా గీతల బొమ్మలు, ఎవరో పుస్తకం విప్పి అంటించినట్టు. ఈ మూడూ కాక 9వ నంబరుకి విడిగా టికెట్ కొనండి, పైకప్పు మీద ఆకాశ దేవత నూత్ ఒళ్లు సాగదీసుకొని ఉంటుంది, సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున్నే కంటుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తారు.

62వ నంబరు టుటన్‌ఖామున్‌ది. దీనికీ వేరే టికెట్. అందరూ ఇదే చూడాలని వచ్చి, బయటికి వచ్చి "ఇంతేనా?" అంటారు. నిజమే, చిన్న గది. 1922 నవంబరు 4న పురావస్తు పరిశోధకుడు హోవార్డ్ కార్టర్ మనుషులకి మొదటి మెట్టు దొరికింది. లోపలి సామానంతా బయటికి తీసి సర్దడానికి పదేళ్లు పట్టింది, అయిదు వేలకి పైగా వస్తువులు. రాజు మమ్మీ మాత్రం ఇంకా ఆ గదిలోనే ఉంది, నల్లబడిన చిన్న పాదాలు దుప్పటి బయటికి కనిపిస్తూ. ఆ చిన్న గదిలో నిలబడి, ఇందులో అయిదు వేల వస్తువులు ఎలా కుక్కారురా అనుకోండి. తర్వాత కైరోలో ఆ సామానంతా ఒక్క చోట చూస్తారు. ముందు ఖాళీ ఇల్లు, తర్వాత సామాను. కైరో చివర పెట్టమన్నది ఇందుకే. తిరగేసి చూస్తే మ్యూజియంలో బంగారం చూసి అలసిపోతారు, లక్సర్‌లో ఖాళీ గది చూసి నిరుత్సాహపడతారు.

ఆ పక్కనే హత్‌షెప్సుత్ రాణి గుడి, ఎలక్ట్రిక్ బండి ఉంటుంది, ర్యాంపులే. మెమ్నాన్ విగ్రహాలకి పది నిమిషాలు చాలు, టికెట్ లేదు. టైముంటే మెదీనత్ హబూ తప్పకుండా చూడండి, మూడో రామ్సెస్ గుడి. పైకప్పు కింది రంగులు ఇంకా అలాగే ఉన్నాయి, బస్సులు ఆగవు, అందుకే ప్రశాంతంగా ఉంటుంది.

నా మటుకు నాకు లక్సర్‌లో అన్నిటికంటే ఇష్టమైనది దెయిర్ ఎల్-మెదీనా. సమాధులు చెక్కి, రంగులు వేసిన పనివాళ్ల ఊరు అది. ఇళ్ల గోడలు మోకాలెత్తున మిగిలాయి. వాళ్లు తమ కోసం చేసుకున్న సమాధులు చిన్నవే కానీ, రాజుల వాటికంటే రంగు నిగారింపు. సెన్నెజెమ్ అనే పనివాడి సమాధిలో ఆయనా, భార్యా పరలోకంలో పొలం దున్నుతుంటారు, గోధుమ కోస్తుంటారు. మూడో రామ్సెస్ కాలంలో, క్రీస్తుపూర్వం పన్నెండో శతాబ్దంలో, వీళ్లకి జీతంగా రావాల్సిన ధాన్యం రాలేదు. పనిముట్లు కింద పెట్టేసి వెళ్లి గుడి దగ్గర బైఠాయించారు. ప్రపంచంలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె అదేనంటారు. ఆ కాగితం, అంటే పపైరస్, ఇప్పుడు ఇటలీలోని టురిన్‌లో ఉంది. ఆ ఊరి సందులో నిలబడి ఈ కథ చెప్తే మీ అబ్బాయికి సోషల్ పుస్తకం కంటే బాగా ఎక్కుతుంది. మెట్లు ఇరుకు, నాన్నగారు పైన నీడలో కూర్చుంటే మంచిది.

గైడుని ఒక్క లక్సర్‌లోనే పెట్టుకోండి, ప్రభుత్వ లైసెన్సు కార్డు చూసి. సమాధుల లోపల గైడు మాట్లాడకూడదని రూలు, బయటే బొమ్మలు చూపించి చెప్తాడు. "షాపింగ్ ఆపకూడదు" అని మొదటే చెప్పి, దానికి బదులు కొంచెం ఎక్కువ ఫీజు ఇస్తానని చెప్పండి. ముఖం చిన్నబోతుంది కానీ పని జరుగుతుంది.

మర్నాడు పొద్దున్న కర్నాక్. 134 స్తంభాల మంటపంలో ఏడు లోపు నిలబడితే ఏటవాలు వెలుగు ఒక్కో స్తంభాన్నే పట్టుకుంటూ వస్తుంది. లక్సర్ గుడికి సాయంత్రం వెళ్లండి, దీపాలు వెలిగాక. అక్కడ ఒక వింత చూపిస్తాను. గుడి లోపలే అబూ హగ్గాగ్ మసీదు ఉంది, ఇప్పటికీ నమాజు జరుగుతుంది. దాని పాత తలుపు ఒకటి నేల నుంచి కొన్ని మీటర్ల ఎత్తున, మెట్లేమీ లేకుండా గాల్లో వేలాడుతూ ఉంటుంది. మసీదు కట్టిన రోజుల్లో గుడి అంతవరకూ ఇసుకలో, మట్టిలో కూరుకుపోయి ఉంది, ఆ తలుపు అప్పటి నేలకి సరిపోయింది. తర్వాత తవ్వి తీసేసరికి తలుపు పైన మిగిలింది. గుడి ముందు ఉండాల్సిన రెండు ఒబెలిస్క్‌లలో ఒకటే ఉంది, రెండోది పారిస్ నడిబొడ్డున నిలబడి ఉంది.

బెలూన్ గురించి అబ్బాయి అడుగుతాడు. నేను ఎక్కాను, బాగుంటుంది. 2013లో అక్కడే బెలూన్ ప్రమాదంలో 19 మంది పోయారన్నది కూడా తెలుసుకుని నిర్ణయించుకోండి. పెద్దవాళ్లకి ఆ బుట్టలోకి ఎక్కడమే కష్టం.

ఇక కైరో. రెండు ఉదయాలు మిగిలాయి.

మొదటిది గీజా, పెద్ద పిరమిడ్లు ఉన్న చోటు. గేటు తెరిచే టైముకే వెళ్లండి, ఇప్పుడు లోపల ఎలక్ట్రిక్ బస్సులు తిప్పుతున్నారు, నాన్నగారికి సుఖం. ఖుఫు పిరమిడ్ లోపలికి ఆయన్ని తీసుకెళ్లకండి. వంగి వంగి ఎక్కాలి, గాలాడదు, మోకాళ్లు పట్టేస్తాయి. అబ్బాయి వెళ్లొస్తాడు. ఒంటె వ్యవహారం గురించి ఒక్క మాట. నన్ను "కూర్చోండి, ఫోటోకే, ఫ్రీ" అని ఎక్కించాడు. ఒంటె లేచింది. దిగడానికి వేరే రేటు. ఎనిమిది అడుగుల ఎత్తున కూర్చుని బేరం ఆడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా ఆవిడ కింద నిలబడి నవ్వుతోంది, డబ్బులు ఆవిడ బ్యాగులో ఉన్నాయి.

మధ్యాహ్నం గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం, పిరమిడ్లకి దగ్గర్లోనే. 2025 నవంబరులో పూర్తిగా తెరిచారు. టికెట్ టైము స్లాట్‌తో ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. లిఫ్టులు ఉన్నాయి. అడుగు పెట్టగానే పదకొండు మీటర్ల రామ్సెస్ విగ్రహం, పాత కైరో వాళ్లకి ఇది రైల్వే స్టేషన్ ముందు చౌరస్తాలో నిలబడిన విగ్రహంగా గుర్తు. నేరుగా టుటన్‌ఖామున్ గదులకి వెళ్లండి. మిగతావి ఓపిక ఉంటేనే. రాజుల మమ్మీలు ఇక్కడ లేవు, ఫుస్తాత్‌లో ఉన్న ఈజిప్షియన్ నాగరికత మ్యూజియంలో ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో ఇరవై రెండు మమ్మీలను ఊరేగింపుగా అక్కడికి మార్చారు. అబూ సింబెల్‌లో చూసిన రామ్సెస్ అసలు ముఖం అక్కడ కనిపిస్తుంది, ముక్కు కాస్త వంపు, జుట్టు ఎర్రగా. ఫోటోలు తీయనివ్వరు.

ఈ ఫుస్తాత్‌కి దగ్గర్లోనే పాత కైరో, అబూ సర్గా చర్చి. హేరోదుకి భయపడి పారిపోయి వచ్చిన యోసేపు, మరియ, బాల యేసు ఆ గుహలో తలదాచుకున్నారని అక్కడి కాప్టిక్ క్రైస్తవుల, అంటే ఈజిప్టు స్థానిక క్రైస్తవుల నమ్మకం. హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి హోలీ ల్యాండ్ యాత్రకి వచ్చే మన బృందాలు ఇక్కడ ఆగుతాయి, ఒకసారి నాకు లోపలి నుంచి తెలుగు కీర్తన వినిపించింది. చివరి సాయంత్రం ముయిజ్ వీధిలో నడవండి, ఖాన్ ఎల్-ఖలీలీ పక్కన. పాత మసీదులు, మదర్సాలు వరసగా ఉంటాయి. చార్మినార్ చుట్టుపక్కల తిరిగిన కాళ్లకి ఆ వీధి వెంటనే అలవాటైపోతుంది.

రెండో ఉదయం సక్కారాకి వెళ్లండి. జోసెర్ రాజు మెట్ల పిరమిడ్, గీజా కంటే పాతది, రాతితో ఇంత పెద్ద కట్టడానికి తొలి ప్రయత్నం. ఇంకా ఓపికుంటే దహ్షూర్‌లో వంకర పిరమిడ్ చూడండి. పైకి కడుతూ కడుతూ మధ్యలో వాలు తగ్గించేశారు, ఆ తర్వాత పక్కనే ఎర్ర పిరమిడ్ సరిగ్గా కట్టారు. మేస్త్రీ తప్పు చేసి దిద్దుకున్నట్టు, రెండూ పక్కపక్కనే.

డబ్బుల సంగతి. పెద్ద ప్రదేశాల్లో టికెట్ కౌంటర్ నోట్లు తీసుకోదు, కార్డే. వీసా లేదా మాస్టర్‌కార్డ్ ఉన్న ఫారెక్స్ కార్డు రెండు తీసుకెళ్లండి, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి. రూపే మీద ఆధారపడకండి. అబ్బాయి స్కూల్ ఐడీ ఒరిజినల్ పెట్టుకోండి, విద్యార్థులకి టికెట్లు సగం ధర. అయిదుగురికి తొమ్మిది రోజులంటే టికెట్లకే పెద్ద మొత్తం అవుతుంది, ఇది మనవాళ్లు బడ్జెట్‌లో వేయడం మరిచిపోతారు.

చిల్లర నోట్లు మాత్రం జేబు నిండా ఉంచుకోండి, బక్షీసుకి. మాట మనదే, అక్కడా అదే మాట. బాత్రూమ్ దగ్గర మనిషి, పెట్టె మోసినవాడు, సమాధిలో "ఇటు చూడండి" అని టార్చి వేసినవాడు, అందరికీ అంతో ఇంతో. చిరాకు పడకండి, చాలా చిన్న జీతాలు వాళ్లవి. ఇవ్వకూడదనుకుంటే నవ్వుతూ "లా, షుక్రన్" అని నడిచిపోండి, ఆగకూడదు. హోటల్లో బిల్లు అడగాలంటే "హిసాబ్" అంటే చాలు, హైదరాబాద్ వాళ్లకి ఇదేమీ కొత్త కాదు.

అమ్మగారి భోజనం గురించి టెన్షన్ పడకండి, ఈజిప్టు శాకాహారికి గల్ఫ్ కంటే సుఖం. కోషరీ అని ఒకటుంది, అన్నం, పప్పు, మాకరోనీ, శెనగలు, పైన వేయించిన ఉల్లిపాయ, టమాటా పులుసు, వెల్లుల్లి వెనిగర్, కారం. కారం గిన్నె పక్కనే ఇస్తారు, చూసి వేసుకోండి. ఫూల్ అంటే బీన్స్ ఉడికించి మెదిపినది, తఅమియా అంటే బీన్స్‌తో చేసే వడ, మన మసాలా వడకి చుట్టం. ములూఖియా ఆకు కూర చూడ్డానికి శాకాహారమే కానీ చాలా చోట్ల కోడి, కుందేలు పులుసులో వండుతారు, అడిగి తినాలి. అస్వాన్‌లో కర్కదే అని ఎర్రటి షర్బత్ ఇస్తారు, వేడిగానూ తాగుతారు, చల్లగానూ తాగుతారు. అది ఎర్ర గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకులతో చేసేదే. మా అత్తగారు ఒక గుక్క తాగి, "ఆకు ఏం చేస్తున్నారో అడగరా వీళ్లని" అంది. కొళాయి నీళ్లు వద్దు, సీసా నీళ్లే.

మందులు అసలు ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్లండి. నాన్నగారి మోకాళ్ల మందుల్లో ట్రమడాల్ ఉందేమో చూడండి, అక్కడ దాన్ని మాదకద్రవ్యం లెక్కన చూస్తారు, జైలు దాకా వెళ్తుంది. ఉంటే డాక్టరుని అడిగి మార్పించుకోండి. డ్రోన్ తీసుకెళ్లకండి, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. వీసా ఈజిప్టు ప్రభుత్వ ఈ-వీసా పోర్టల్‌లోనే, నెల రోజుల ముందే. ఆ పేరుతో నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. పాస్‌పోర్టులకి ఆరు నెలల గడువు ఉందో లేదో అయిదుగురివీ ఇవాళే తీసి చూడండి. జనవరిలో పగలు హాయిగా ఉన్నా, అబూ సింబెల్‌కి బయల్దేరే తెల్లవారుజాము ఎడారి చలి ఎముకలు కొరుకుతుంది, పెద్దవాళ్లకి స్వెట్టర్లు, మఫ్లర్లు.

ఒక చిన్న పని ఈ వారమే చేసేయండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంలో నిజంగానే ఒక ఈజిప్టు మమ్మీ ఉంది, నిజాం కాలంలో వచ్చింది. ఊళ్లో చాలామందికి తెలియదు. అబ్బాయిని తీసుకెళ్లి చూపించండి. లక్సర్‌లో వాడు అడిగే ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి, గైడుకి ఏం అడగాలో మీకూ తెలుస్తుంది.